రోజూ పోసే పది లీటర్ల నీళ్లు

ప్రశ్న: ఆరేడేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో వెయ్యి లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెడుతున్నాను. పగడాలు, రొయ్యలు, నత్తలు, కొన్ని చేపలు పెంచాలని కోరిక. అన్నీ సిద్ధం చేసుకుని నీళ్ల దగ్గర ఆగిపోయాను. మా కుళాయి నీళ్లలో టీడీఎస్ (కరిగి ఉన్న పదార్థాల మొత్తం) లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉంది. ‘సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, నువ్వు ఎలాగూ కిలోలకొద్దీ ఉప్పు కలపబోతున్నావు, ఈ మూడొందలు ఏ మూలకి? క్లోరిన్ పోయే మందు వేసి పోసెయ్’ అంటున్నాడు ఒక మిత్రుడు. తాగే నీళ్ల ప్యూరిఫయర్ చాలని ఇంకొకరు, ఎక్కడైనా కొనుక్కోమని మరొకరు చెబుతున్నారు. సొంతంగా ఆర్వో-డీఐ మెషీన్ (మెంబ్రేన్ అనే సన్నటి పొరతో, ఆ తరవాత డీఐ రెజిన్ పూసలతో నీళ్లలో కరిగినవాటిని తీసేసే యంత్రం) పెట్టుకోవాలంటే ఎంత పెద్దది కావాలి? లీకేజీ చూద్దామని ట్యాంకులో ఇప్పటికే మూడొందల లీటర్ల కుళాయి నీళ్లు పోశాను. వాటిని ఉంచేయవచ్చా? ఈ టెన్షన్‌తో వారం నుంచి పని ముందుకు సాగడం లేదు.

సమాధానం: మీ మిత్రుడి మాట వినగానే సబబుగా అనిపిస్తుంది. ఈ పనిలోకి వచ్చిన ప్రతివాళ్లకూ ఏదో ఒక రోజు ఆ సందేహం వస్తుంది. 35,000 పక్కన 300 ఎంత? నిజంగానే చాలా తక్కువ. కానీ ఆ మూడొందలలో ఏమేం ఉన్నాయో టీడీఎస్ మీటరు చెప్పదు. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి ఒక అంకె వేస్తుంది. అందులో కాల్షియం ఎంతో, నైట్రేటు ఎంతో, ఫాస్ఫేటు ఎంతో, రాగి ఎంతో దానికి తెలియదు. సిలికానయితే దాదాపు పట్టుకోనే పట్టుకోదు.

రాగినే తీసుకోండి. మనుషులు తాగే నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా రాగి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చెబుతుంది. తీరానికి దూరంగా సముద్రపు నీళ్లలో ఉండే రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. అంటే మనకు నిశ్చింతగా తాగడానికి పనికొచ్చే నీళ్లలోనే, సముద్రంలో ఉన్నదానికి కొన్ని వేల రెట్లు రాగి ఉండే వీలుంది. సముద్రపు చేపలకు తెల్లచుక్కల జబ్బు వస్తే వేరే తొట్టిలో పెట్టి రాగి మందు వేస్తారు. అప్పుడు కూడా లీటరుకు 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాములే వాడతారు. చేపను బతికించే ఆ మోతాదే రొయ్యను, నత్తను చంపేస్తుంది. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థంలో ఉండేది రాగే. అయినా నీళ్లలో అది కాస్త పెరిగిందంటే తట్టుకోలేదు. ఇక నైట్రేటు. తాగే నీళ్లలో లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చని అదే సంస్థ అంటుంది. పగడాలు పెంచేవాళ్లు అందులో పదో వంతు కనిపించినా నీళ్లు మార్చాలేమో అని ఆలోచనలో పడతారు. క్లోరిన్ పోయే మందు క్లోరిన్ పనే చూస్తుంది. పైన చెప్పినవాటిలో ఒక్కదాన్నీ తీసేయదు.

మీ ప్రశ్నంతా మొదటిసారి నింపే వెయ్యి లీటర్ల చుట్టూ తిరిగింది. నన్నడిగితే అంతకన్నా ముందు రోజూ పోసే నీళ్ల గురించి ఆలోచించమంటాను. పైన మూత లేని ట్యాంకు, లైట్లు, ఫ్యాన్లు, కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, ఫిల్టరై మళ్లీ పైకెళ్లే తొట్టి). వీటన్నిటి మధ్య వెయ్యి లీటర్లకు రోజుకు 10 లీటర్లు ఆవిరైపోవడం మామూలే. ఆవిరయ్యేది నీరొక్కటే. ఉప్పు, నైట్రేటు, రాగి, సిలికా అన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మీరు మళ్లీ మంచినీళ్లు పోస్తారు, వాటితోపాటు వచ్చినవీ అక్కడే చేరతాయి. రోజుకు 10 అంటే ఏడాదికి 3,650 లీటర్లు. ట్యాంకు పట్టేదానికి మూడున్నర రెట్లకు పైనే. లీటరుకు 300 మిల్లీగ్రాముల చొప్పున వేసి చూడండి, ఏడాదిలో సుమారు 1,100 గ్రాముల అక్కర్లేని సరుకు లోపలికి వెళుతుంది. అదే నీళ్లలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములే ఉందనుకుందాం. అంతా నీళ్లలోనే నిలిస్తే ఏడాది తిరిగేసరికి లీటరుకు 0.18 మిల్లీగ్రాములు. ఇందాకటి మందు మోతాదు! నిజానికి కొంత రాళ్లకూ ఇసుకకూ పడుతుంది, కొంత నీళ్లు మార్చినప్పుడు పోతుంది. అయినా అది పెరుగుతూ పోయే తీరు మాత్రం ఇదే.

మంచినీటి చేపల అలవాటుతో వచ్చినవాళ్లు తడబడేది కూడా ఇక్కడే. అక్కడ నీళ్లు మారుస్తూ ఉంటే బండి నడిచిపోతుంది. ఇక్కడ నాలుగైదు నెలల దాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. తరవాత అద్దం మీద గోధుమరంగు పొర కడుతుంది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వస్తుంది. అది డయాటమ్ నాచు. దాని గోడలు కట్టుకోవడానికి సిలికా కావాలి, ఆ సిలికాను మనం రోజూ పోసే నీళ్లతో అందిస్తుంటాం. కొత్త ట్యాంకులో కొన్నాళ్లు ఆ పొర రావడం సహజమే, భయపడక్కర్లేదు. పాతబడ్డ ట్యాంకులో వదలకుండా వస్తుంటే మాత్రం మొదట నీళ్లనే అనుమానించండి.

ఇంట్లో తాగే నీళ్ల ప్యూరిఫయర్ గురించి. అందులోనూ ఆర్వో మెంబ్రేన్ ఉంటుంది కాబట్టి సలహా సగం సరైనదే. కానీ అది మనుషుల రుచికోసం చేసిన యంత్రం. చాలావాటిలో మెంబ్రేన్ దాటిన నీళ్లలో రుచికోసం కాస్త పచ్చి నీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, లేదా ఖనిజాలు కలిపే కాట్రిడ్జ్ ఉంటుంది. కొన్నింటిలో రెండూ ఉంటాయి. మనం వద్దనుకుని తీసేసినదాన్ని అది మళ్లీ కలుపుతుంది. ఆ నీళ్లు 50, 80, 100 ఇలా ఎంతైనా చూపించవచ్చు. పైగా డీఐ దశ ఉండదు. పది లీటర్ల చిన్న తొట్టికి అత్యవసరంలో ఒకసారి వాడితే వాడారు గానీ, వెయ్యి లీటర్లకు దాన్ని నమ్ముకోవద్దు. ఇంటిల్లిపాదీ తాగే యంత్రాన్ని రోజంతా దీనికోసం తిప్పడం కూడా బాగోదు.

కొనే నీళ్లయితే బరువు గురించి ముందే ఆలోచించుకోండి. రోజుకు పది చొప్పున వారానికి డెబ్బై లీటర్లు టాప్-అప్‌కి, అంటే ఆవిరైనంత మళ్లీ పోయడానికి, పది శాతం వాటర్ చేంజ్‌కి ఇంకో వంద. మొత్తం వారానికి 170 లీటర్లు, అంటే 170 కిలోలు. మొదటి రెండు నెలలు హుషారుగా మోస్తాం. తరవాత ఒక వారం వాయిదా వేస్తాం, ఆ తరవాత ‘ఈసారికి కుళాయి నీళ్లు పోద్దాంలే’ అనుకుంటాం. సీసాల్లో, క్యాన్లలో అమ్మే తాగునీటిలోనూ రుచికోసం ఖనిజాలు కలుపుతారు. ఉప్పునీటి చేపలు అమ్మేచోట డీఐ నీళ్లు దొరికితే మంచిదే. కొన్ని రోజులు ఇబ్బంది గడవడానికి బాగా పనికొస్తాయి. వెళ్లిన ప్రతిసారీ జేబులో టీడీఎస్ మీటరు పెట్టుకుని వెళ్లండి. వాళ్లు రెజిన్ ఎప్పుడు మార్చారో అడగడంకన్నా అక్కడే ముంచి చూసుకోవడం తేలిక. డిస్టిల్డ్ వాటర్ కూడా మంచిదే, కాకపోతే అది రాగి గొట్టంలో చల్లబడి వచ్చినది కాకూడదు.

ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మీరు అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మీటరు పెడితే ఆ నీళ్లు అద్భుతంగా కనిపిస్తాయి. గాల్లో తేమే కదా, డిస్టిల్డ్ వాటర్ లాంటిదే అనిపిస్తుంది. ఆ తేమ చల్లబడేది రాగి గొట్టాల మీద, అల్యూమినియం రేకుల మీద. గదిలోని దుమ్మంతా కూడా అక్కడే చేరుతుంది. వద్దు. వాననీళ్లు కూడా ఇంటికప్పు మీదుగా, పక్షుల రెట్టల మీదుగా వస్తాయి కాబట్టి వాటినీ పక్కన పెట్టండి. సముద్రం దగ్గర్లో ఉండి, మురుగు కలవని చోటు నుంచి తెచ్చుకోగలిగితే సహజమైన సముద్రపు నీళ్లు వాడేవాళ్లున్నారు. కానీ రోజూ ఆవిరయ్యేదానికి పోయాల్సింది ఉప్పులేని నీళ్లు. సముద్రం గుమ్మం ముందే ఉన్నా ఆ పది లీటర్ల సమస్య తీరదు.

అందుకే సొంత ఆర్వో-డీఐ పెట్టుకోండని చెబుతున్నాను. మీ ట్యాంకు పరిమాణానికి ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

దాని లోపల జరిగేది చూడండి. మొదట సెడిమెంట్ ఫిల్టర్ మట్టి, తుప్పు రేణువులను ఆపుతుంది. తరవాత కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను పట్టేస్తుంది. చేపలకోసమే అనుకోకండి, మెంబ్రేన్‌ను కాపాడేదీ అదే. ఇప్పుడు దొరికే మెంబ్రేన్లను క్లోరిన్ మెల్లగా తినేస్తుంది. మూడోది మెంబ్రేన్, కరిగిన లవణాల్లో 95 నుంచి 98 శాతం దాకా వెనక్కి నెట్టేస్తుంది. చివర డీఐ రెజిన్, మిగిలిన ఆ కాస్తనూ పట్టుకుని సున్నాకి తెస్తుంది. రెజిన్ కాట్రిడ్జ్ నిలువుగా, నీళ్లు కింది నుంచి పైకి ఎక్కేలా ఉండాలి. అడ్డంగా పడుకోబెట్టినవాటిలో నీళ్లు పైనున్న ఖాళీలోంచి దారి చేసుకుని జారుకుంటాయి, సగం రెజిన్‌కు తడి తగులుతుందే తప్ప పని తగలదు.

కొనేటప్పుడు అందరూ రోజుకు ఎన్ని లీటర్లు అనే అడుగుతారు. మీరు మెంబ్రేన్ ఎంత శాతం ఆపుతుందో అడగండి. 96 శాతానికీ 98 శాతానికీ తేడా రెండే కదా అనిపిస్తుంది. మీ 300 నీళ్లు మొదటి దాంట్లోంచి 12గా వస్తాయి, రెండో దాంట్లోంచి 6గా వస్తాయి. డీఐ రెజిన్ మీద పడే బరువు సగానికి సగం తగ్గింది, కాబట్టి అదే రెజిన్ రెట్టింపు కాలం వస్తుంది. ఈ యంత్రంలో మాటిమాటికీ డబ్బు తినేది రెజినే. వేగంకోసం ఈ శాతాన్ని వదులుకోవద్దు.

పరిమాణం విషయానికొస్తే, రోజుకు 75 గ్యాలన్లు అని రాసి ఉండే మెంబ్రేన్ మీకు సరిపోతుంది. అంటే 284 లీటర్లు. అయితే ఆ అంకె నీళ్లు 25 డిగ్రీల వెచ్చదనంతో, 50 నుంచి 60 పీఎస్ఐ ప్రెషర్‌తో వచ్చినప్పటి మాట. నీళ్లు చల్లగా ఉంటే బాగా తగ్గుతుంది. ప్రెషర్ తగ్గితే నీళ్లూ తగ్గుతాయి, ఆపే శాతమూ పడిపోతుంది. ఇంటిమీద ట్యాంకు నుంచి నీళ్లు దిగేవాళ్లు ఇక్కడ మోసపోతారు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగినా వచ్చేది 14 పీఎస్ఐ మాత్రమే. మీదీ అలాంటి ఏర్పాటే అయితే బూస్టర్ పంప్ తప్పనిసరి. ఒక ప్రెషర్ గేజ్ కూడా పెట్టించుకోండి. మెంబ్రేన్‌కు ముందు ముల్లు కిందికి జారుతోందంటే సెడిమెంట్ ఫిల్టర్ పూడుకుపోతోందని అర్థం. ఆరు నెలలకోసారి మార్చాలనేది ఒక అంచనా మాత్రమే, గేజ్ చూసి మార్చుకోవడం మేలు. వారానికి 170 లీటర్లకు ఈ మెషీన్ ఒక రోజు నడిస్తే చాలు. మొదటిసారి ట్యాంకు నింపడానికి నాలుగైదు రోజులు పడుతుంది, పడనివ్వండి. ఆ నాలుగు రోజులకోసం ఏళ్ల తరబడి మీద పడే పెద్ద యంత్రాన్ని కొనకండి.

కొనేముందు నీళ్లు సరఫరా చేసేవాళ్లని ఒక మాట అడగండి: క్లోరిన్ కలుపుతున్నారా, క్లోరమైన్ కలుపుతున్నారా? క్లోరమైన్ అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసినది. మామూలు కార్బన్ దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది, కొంత తప్పించుకుపోతుంది. దానికోసం వేరే రకం కార్బన్ ఉంటుంది, లేకపోతే రెండు కార్బన్ ఫిల్టర్లు వరసగా పెట్టుకోవాలి. కార్బన్ పనిచేస్తోందో లేదో తెలియడానికి వేస్ట్ పైపు నీళ్లలో టోటల్ క్లోరిన్ టెస్ట్ చేయండి. మెంబ్రేన్‌ను తాకి బయటికి వచ్చినవి ఆ నీళ్లే కదా, అక్కడ రంగు తేలితే కార్బన్ అయిపోయినట్టు. బోరు నీళ్లయితే చిక్కు ఇంకోరకంగా ఉంటుంది. వాటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉండవచ్చు, ఆ వాయువును మెంబ్రేన్ ఆపదు. అది నేరుగా వెళ్లి రెజిన్‌ను ఖర్చు చేస్తుంది. మెంబ్రేన్ తరవాత నీళ్లు 5 చూపిస్తున్నాయి, అయినా రెజిన్ నెల తిరక్కుండానే అయిపోతోంది అని తల పట్టుకునేవాళ్లకి కారణం చాలాసార్లు ఇదే. మెంబ్రేన్ దాటిన నీళ్లను ఒక డ్రమ్ములో పట్టి, ఒక రోజంతా ఎయిర్ పంప్‌తో గాలి కొట్టించి, ఆ తరవాత డీఐ గుండా పంపితే రెజిన్ ఎంతో ఎక్కువ కాలం వస్తుంది.

మెషీన్ బిగించిన మొదటి రోజు తొందరపడకండి. కొత్త కార్బన్ నుంచి నల్లటి పొడి వస్తుంది. మెంబ్రేన్‌కు కలపకముందే ఆ పొడి పోయేదాకా నీళ్లు వదలండి. కొత్త మెంబ్రేన్ పాడవకుండా వేసిన ద్రావణం కూడా ఉంటుంది కాబట్టి గంటో రెండు గంటలో నీళ్లు పారబోసి, ఆ తరవాతే డీఐని కలపండి. ఇక రోజువారీ వాడకంలో టీడీఎస్ మూడు చోట్ల చూడండి. లోపలికి వచ్చే నీళ్లు, మెంబ్రేన్ తరవాత, డీఐ తరవాత. చాలామంది చివరిది ఒక్కటే చూసి సున్నా ఉందని తృప్తి పడతారు. మధ్య అంకె 6 నుంచి 15కి, 15 నుంచి 30కి పెరుగుతున్నా చివరిది సున్నాగానే ఉంటుంది, ఎందుకంటే ఆ భారమంతా రెజిన్ మోస్తోంది. రెజిన్ అయిపోయిన రోజున ఒక్కసారిగా అన్నీ బయటపడతాయి. చివరి అంకె 1 చూపించగానే రెజిన్ మార్చేయండి, రెండు దాకా మూడు దాకా ఆగవద్దు. రెజిన్ సిలికాను గట్టిగా పట్టుకోలేదు. నిండిపోయాక దాన్ని ముందుగా వదిలేస్తుంది, ఒక్కోసారి వచ్చిన నీళ్లలో ఉన్నదానికన్నా ఎక్కువగా వదులుతుంది. మీటరు దాన్ని చూపించదని ఇందాకే చెప్పాను.

ఇప్పుడు నీళ్లు నిలవచేసే సంగతి. ఇది నాకు కష్టంగా వంటబట్టిన పాఠం. మెషీన్ అంతా సవ్యంగా ఉంది, పైపు దగ్గర మీటరు ప్రతిసారీ సున్నా. అయినా నా ట్యాంకులో రొయ్యలు ఒకటొకటిగా పోవడం మొదలైంది. పెంకు విడిచిన మర్నాడు పక్కకి ఒరిగి, కాళ్లు మెల్లగా ఆడిస్తూ రోజంతా పడి ఉండేవి. నత్తలు ఇసుక మీద వెల్లకిలా పడిపోయి, మళ్లీ బోర్లపడే ఓపిక లేక అలాగే ఉండిపోయేవి. చేత్తో తిప్పి నిలబెడితే సాయంత్రానికి మళ్లీ వెల్లకిలా. చేపలు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. నెలన్నర పాటు ఉప్పుశాతం, అమ్మోనియా, వేడి అన్నీ చూశాను. చివరికి ఎవరో చెబితే టాప్-అప్ డ్రమ్ము నీళ్లలో రాగి టెస్ట్ చేశాను. గాజు గొట్టంలో రంగు తేలింది. డ్రమ్ము అడుగున బిగించి అమ్మిన కుళాయి ఇత్తడిది. విప్పి చూస్తే బయట పసుపుపచ్చగా మెరుస్తోంది, లోపల నీళ్లు ఆనేచోట మాత్రం గులాబీ రంగుకు తిరిగింది. ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి బయటపడితే అలా అవుతుంది. మర మీద నీలం, ఆకుపచ్చ కలిసిన బూజులాంటి పొర. అంత శుభ్రమైన నీళ్లు లోహాన్ని మామూలు నీళ్లకన్నా ఎక్కువగా కరిగించుకుంటాయి. నేను ఒక్కరోజయినా డ్రమ్ములో మీటరు ముంచి చూడలేదు. ఆ రొయ్యల్లో ఒకటి నాలుగేళ్ల నుంచి ఉన్నది, నా చేతిమీదికెక్కి గోళ్ల సందులు శుభ్రం చేసేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి మెషీన్ నుంచి ట్యాంకు దాకా నీళ్లు తగిలే ఏ భాగమూ రాగి, ఇత్తడి, జింక్ పూత ఇనుము కాకూడదు. ఆహారపదార్థాలకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ములు తీసుకోండి, మూత ఉండాలి, ఎండ తగలకూడదు. అంతకుముందు అందులో ఏం పోశారో తెలియని డ్రమ్ము ఎంత బాగున్నా వద్దు. నిలవచేసిన నీళ్ల పీహెచ్ 6కు కిందికి వచ్చిందని గాభరా పడకండి. అంత స్వచ్ఛమైన నీళ్లు గాల్లో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటే అలాగే చూపిస్తాయి, ట్యాంకులో కలవగానే సర్దుకుంటాయి.

మెషీన్ పైపును ఫ్లోట్ వాల్వ్‌తో నేరుగా సంప్‌లోకి పెట్టేస్తే డ్రమ్ముల గొడవే ఉండదు కదా అని మీకు తప్పకుండా అనిపిస్తుంది. అలా చేయవద్దు. మెషీన్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ అటు ఇటు ఉన్న లవణాలు మెల్లగా ఇవతలి వైపుకు చేరతాయి. మళ్లీ మొదలైనప్పుడు మొదటి కొన్ని నిమిషాల నీళ్లు మామూలు కన్నా చాలా ఎక్కువ చూపిస్తాయి. అరలీటరుకోసారి ఆగుతూ సాగుతూ ఉంటే వచ్చేవన్నీ ఆ మొదటి నిమిషాల నీళ్లే, రెజిన్ కళ్లముందే కరిగిపోతుంది. దానికంటే పెద్ద భయం ఫ్లోట్ ఇరుక్కోవడం. ఒక నత్త వచ్చి ఫ్లోట్ కింద కూర్చుంటే చాలు, రాత్రంతా మంచినీళ్లు సంప్‌లోకి పారుతూనే ఉంటాయి. ఇల్లు తడిస్తే తుడుచుకోవచ్చు, లోపల ఉప్పుశాతం పడిపోతే పగడాలు కోలుకోవు. వారానికి ఒకటి రెండు సార్లు, మీరు ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడు, మొదటి ఐదు నిమిషాల నీళ్లు పారబోసి డ్రమ్ము నింపుకోండి. ఆ డ్రమ్ము నుంచి చిన్న పంప్‌తో సంప్‌కు పోసుకోండి. టాప్-అప్ డ్రమ్ము 50 లీటర్లకు మించకుండా చూసుకుంటే పంప్ ఆగకపోయినా లోపలికి వెళ్లేది ఆ యాభైయే. లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 33 దగ్గర నిలుస్తుంది, గండం గట్టెక్కుతుంది.

వేస్ట్ వాటర్ గురించి మీరు అడగలేదు. అడగకపోయినా మొదటి రోజే మనసుకు కష్టంగా ఉంటుంది. ఒక లీటరు మంచి నీళ్లకు మూడు నాలుగు లీటర్లు బయటికి పోతాయి. అవి మురుగు నీళ్లు కావు. ఒకటికి నాలుగు చొప్పున పోతే మీ 300 నీళ్లు వేస్ట్ పైపులో దాదాపు 375గా వస్తాయి, అంతే తేడా. నేల కడగడానికి, బాత్రూంలోకి, బట్టలు ఉతకడానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. మొక్కలకు మీ కుళాయి నీళ్లు పడుతుంటే ఇవీ పడతాయి. పైపు చివర ఒక పెద్ద డ్రమ్ము పెట్టడం మొదటి రోజే అలవాటు చేసుకోండి. వేస్ట్ తగ్గించాలని ఆ పైపును నొక్కి కట్టేసేవాళ్లున్నారు, దానివల్ల లవణాలు మెంబ్రేన్ మీదే గడ్డకట్టి కొన్ని నెలల్లో అది పాడైపోతుంది.

ఉప్పు కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలో ఉప్పు పోయండి, ఉప్పు మీద నీళ్లు పోయకండి. కొద్ది నీళ్లలో ఉప్పంతా ఒక్కసారి కరిగితే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పడుతుంది, తరవాత ఎంత కలిపినా కరగదు. పంప్ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వేసి, ఒక రోజు అలాగే తిరగనిచ్చి, లీటరుకు 35 గ్రాముల దగ్గర ఉందో లేదో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడండి. టీడీఎస్ మీటరు ఉప్పునీళ్లకు పనికిరాదు.

ఇక ట్యాంకులో ఉన్న ఆ మూడొందల లీటర్లు. తీసేయండి, కానీ ఇవాళే కాదు. లీకేజీకి మూడొందలు చాలవు. అద్దాల మీద అసలు ఒత్తిడి పడేది నిండా నింపినప్పుడే. కాబట్టి మిగతా ఏడొందలూ కుళాయి నీళ్లతోనే నింపండి, సంప్ పంప్ కూడా తిప్పండి, ఒక వారం అలాగే ఉంచండి. రోజూ పొద్దున అద్దాలు అతికిన అంచుల వెంట, పైపుల కీళ్ల కింద పొడి కాగితం పెట్టి చూడండి. ఒక గీత గీసుకుని రోజుకు ఎంత ఆవిరవుతోందో కూడా కొలవండి. నేను పది లీటర్లు అన్నది అంచనా, మీ గదిలో అది ఏడు కావచ్చు, పదిహేను కావచ్చు. టాప్-అప్ డ్రమ్ము ఎంత ఉండాలో, మెషీన్ వారంలో ఎన్ని గంటలు నడవాలో ఆ కొలతే చెబుతుంది. ఆ తరవాత ఆ నీళ్లన్నీ తోడేసి, మూలల్లో నిలిచిన తడిని కూడా గుడ్డతో పీల్చేసి, అప్పుడు ఆర్వో-డీఐ నీళ్లు మొదలుపెట్టండి. మెషీన్ బిగించాక మూడు చోట్ల మీటరు అంకెలు, ప్రెషర్ గేజ్ అంకె రాసి పంపండి. మెంబ్రేన్ సరిగా పనిచేస్తోందో లేదో వాటిని చూసి చెబుతాను.